మౌనిక కోసం ఇచ్చిన తాంబూలం

గోరంట్లలో బోరు మోటార్లు బాగుచేసే మల్లికార్జునకు మేనమామ తిప్పయ్య కూతురు చౌడేశ్వరిని పుట్టినప్పుడే అనుకున్నారు. మావాళ్ళలో ఒక పాడు ఆచారం ఉంది. బావ పదిమందిలో తాంబూలమిచ్చి వదులుకుంటే తప్ప పిల్లను ఇంకొకరికి ఇవ్వరు. అనంతపురంలో డిగ్రీ చదివే ఆ పిల్లను నీకిష్టమేనా అని అడిగినవాడు లేడు.

రెండువేల నాలుగులో బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటరు పెట్టారు. బోర్లు ఎండిపోయి పని లేక మల్లికార్జున అక్కడే కూర్చునేవాడు. చాటింగులో మౌనిక అనే బెంగళూరు అమ్మాయి పరిచయమైంది. అతని కష్టాలన్నీ ఓపిగ్గా విన్నది. తల్లి పోయాక అట్లా విన్నవాళ్ళు లేరు, పాపం కరిగిపోయాడు. "మీ మామ కూతుర్ని వదులుకో, మనం పెళ్ళి చేసుకుందాం" అని ఆమె రాసేసరికి పెద్దమనుషులను పిలిచి తిప్పయ్య చేతిలో తాంబూలం పెట్టేశాడు. ఎంత చెప్పినా వింటేనా, మొండి వెధవ!

ఆ తర్వాత ఆమె రైల్లో వస్తానన్నదని ఊరంతా చాటి, మల్లెపూలు పట్టుకుని అనంతపురం రైల్వే స్టేషనులో పొద్దంతా నిలబడ్డాడు. మౌనిక రాలేదు.

"మొగం చూడకుండానే ఎట్ల నమ్మినావప్పా? తలకాయలో ఏముండాది నీకు?" అన్నాడు టీ అంగడి ఈరన్న. గొర్రెను కొన్నా పళ్ళు చూసే ఊరు మాది. అయ్యో అన్న నోరు ఒక్కటీ లేదు. థూ, ఏం మనుషులో!

మరునాడు మామ కాళ్ళు పట్టుకున్నాడు. "తప్పయిపోయింది మామా. చౌడేశ్వరిని నాకే ఇయ్యి."

"తాంబూలం ఇచ్చినాక ఇంగ నీకు యాడుండాది హక్కు? లెయ్!" అని తిప్పయ్య కాళ్ళు విదిలించుకుని లోపలికి పోయాడు.

సెలవులకు ఇంటికొచ్చి ఉన్న చౌడేశ్వరి గడప దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. ఏమన్నదో ఏళ్ళ తర్వాత తనే నాకు చెప్పింది.

"పో బావా. ఆ మౌనిక నేనే. ఒద్దని నేనంటే నాయన నరుకుతాడు. నువ్వు ఒద్దంటే తాంబూలంతో పోయింది."

"ఒక్క దినమన్నా నిజంగా మాట్లాడినావా?"

"లేదు బావా."

వీధిలోకి రాగానే ఈరన్న ఎదురుపడ్డాడు. "ఏమప్పా, ఎవురంట ఆ మౌనిక? తెలిసినాదా?"

లోపలి నుంచి తిప్పయ్య దగ్గు వినపడుతోంది. మల్లికార్జున ఒకసారి వెనక్కి చూశాడు.

"తెలీదన్నా. నాకే బుద్ధి లేదు" అన్నాడు.

ఈరన్న గట్టిగా నవ్వుతూ, అంగడిలో ఉన్నవాళ్ళను కేకేసి పిలిచాడు.