శ్రావణంలో గొర్రె మాత్ర

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. అలాంటి ఎండలో గుత్తి దగ్గర ఒక పల్లెలో మారెక్క గొంగడి కప్పుకుని కూర్చునేది. పందొమ్మిది వందల యాభై ఏడు నాటి మాట. నిండా ముప్పై అయిదేళ్లు లేవు. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. గొర్రెల మంద వైపు తిరిగి కేక వేస్తే ఒక్క గొర్రె తలెత్తేది కాదు. ఊరి నోటికి మూకుడు లేదు కదా, ఒళ్లు బద్ధకమన్నారు, గాలి సోకిందన్నారు. శెనక్కాయ పీకుళ్లు కాగానే మొగుడు నల్లప్ప బండి కట్టి మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ మారెక్క మెడ తడిమి చూసింది. గొంతులో ఉండే గ్రంథి పని మానేసిందనీ, బతికినంత కాలం రోజుకొక మాత్ర మింగాలనీ చెప్పింది. మందులిచ్చే కాంపౌండరు యేసన్న సీసా చేతికిచ్చాడు. మారెక్క అంత తేలిగ్గా కదిలే మనిషా?

"దీంట్లో ఏముండాది అన్నా?"

"గొర్రె గొంతులో ఉండేదాన్ని ఎండబెట్టి, పొడి కొట్టి చేస్తారక్కా."

"పుట్టినకాడ్నుంచి గొర్రెల్లోనే ఉండా. నాకు తెలీని ముక్క యాడుండాది దాంట్లో?"

ఆ ప్రశ్న ఆమెను నిద్రపోనివ్వలేదు. జాతరకు పొట్టేలును కోసిన రోజు పట్టుబట్టి నల్లప్ప చేత గొంతు చీల్పించింది. ఊపిరిగొట్టానికి అటొకటి ఇటొకటి, చింతగింజల కన్నా కాస్త పెద్దవి, రెండు ఎర్రటి తునకలు. అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఇన్నాళ్లూ కుక్కలకు పారేస్తాంటిమి గదప్పా దీన్ని," అంది.

ఇంత తునక లేకపోతే మనిషికి చలేయడమేమిటి? గొర్రెది మనిషికి ఎలా సరిపోయింది? ఉగాది నాటికి మాత్ర తన పని తాను చేసింది. గొంగడి మూలకు పడింది. ఒక పొద్దున మారెక్క కేక వేస్తే మంద మొత్తం ఆగి వెనక్కి చూసింది. ఆమె అక్కడే నిలబడి ఏడ్చింది, సంతోషంతోనే.

అంతలో శ్రావణం వచ్చింది. కూతురు చౌడమ్మకు మూడేళ్లప్పుడు అమ్మవారు పోసి, బతుకుతుందో లేదో తెలియనప్పుడు, మారెక్క కసాపురం ఆంజనేయుడికి మొక్కుకుంది. బిడ్డ దక్కితే ప్రాణమున్నంత వరకు శ్రావణంలో నీచు ముట్టనని. మరి గొర్రె గొంతు నీచు కాదా? మారెక్క లెక్క మారెక్కది. ఎవరితోనూ అనకుండా సీసా గూట్లో పెట్టేసింది.

నాలుగో శనివారం కసాపురానికి నడిచిపోతూ దారి మధ్యలో కూలబడింది. ఎర్రటి ఎండలో, నాలుక మందంగా తిరుగుతుంటే, గొంగడి కావాలని అడిగింది. నల్లప్ప ఎవరి బండో అడిగి ఆసుపత్రికి చేర్చాడు.

"మాత్రలెందుకు మానేశావు?" అంది డాక్టరమ్మ.

"శ్రావణం గదమ్మా."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. యేసన్నకు అర్థమైంది. గొర్రె మాట చెప్పింది తనే కదా, తల దించుకుని విడమరిచాడు. విషయం తెలిశాక డాక్టరమ్మ కోప్పడలేదు. ఇంకోసారి మానేస్తే పడుకున్న మనిషి లేవకపోవచ్చని మాత్రం మెల్లగా చెప్పింది.

ఇల్లు చేరేసరికి శ్రావణం ఇంకా అయిదు రోజులుంది. మారెక్క మాత్రను చేతిలో పట్టుకుని కూర్చుంది. మింగితే బిడ్డకేమవుతుందో, మింగకపోతే తనకేమవుతుందో.

"మందుకు మడి యాడుంటాదే?" అన్నాడు నల్లప్ప.

"మొక్కింది నువ్వు కాదు."

పదేళ్ల చౌడమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. మొహం నిండా మచ్చలు.

"మా, సామికి ఎవురి కోసరం మొక్కినావు?"

"నీ కోసరమే పాపా."

చౌడమ్మ తల్లి చేతిలోంచి మాత్ర తీసుకుంది. ఇంకో చేత్తో నీళ్ల చెంబు అందుకుంది.

"నా కోసరం మొక్కినావు గదా, నా కోసరమే మింగు."

మారెక్క నోరు తెరిచింది.