నేను పట్టిన కొర్రమీను

మా తాత బుచ్చయ్య పోయి ముప్పై ఏళ్లయినా, ఆయన మీద నాకింకా కోపం పోలేదు. ఆగిరిపల్లి దగ్గర బసవపున్నారావుగారి మామిడితోటకి పాతికేళ్లు కాపలా కాశాడు. అంత గొంతు ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. ఈ చివర నిలబడి "హోయ్!" అని ఒక్క కేక వేస్తే ఆ చివర చెట్ల మీద చిలకలు కూడా లేచిపోయేవి. అయ్యగారి ముందు మాత్రం ఆ గొంతు ఎక్కడికి పోయేదో! "చిత్తం బాబూ" తప్ప ఇంకో మాట వచ్చేది కాదు.

తోటలో నీళ్లగుంట ఉండేది. ఏటా వేసవిలో మావాళ్లే దిగి పూడిక తీసేవాళ్లు, కూలి లేకుండా. దానికి బదులు గుంటలో చేపలు మావి. అది తాత తండ్రి నాటి నుంచీ ఉన్న మాట. స్వరాజ్యం వచ్చిన ఏడు కూడా అలాగే తీశారు. మరుసటేడు చేపలు ఎదిగాక, గుంటలో ఎవడూ గాలం వెయ్యడానికి వీల్లేదన్నారు పున్నారావుగారు. అంత తోట ఉన్న మనిషికి ఏం తక్కువైందో!

నాకప్పుడు ఏడేళ్లు. గాలం వెయ్యడం నేర్పిస్తానని తాత ఎప్పుడో మాటిచ్చాడు. "ఎప్పుడు తాతా, ఎప్పుడు?" అని రోజూ ప్రాణం తీసేదాన్ని. చివరికి ఓ మధ్యాహ్నం, అయ్యగారు తోటింట్లో భోంచేసి పడుకునే వేళ చూసి, నన్ను గుంట అవతలి గట్టుకి తీసుకెళ్లాడు.

వానపామును గాలానికి ఎలా గుచ్చాలో చూపించాడు. "బెండు మునిగేదాకా కదలకు. నోరెత్తావంటే చూడు!" అని చెవిలో చెప్పాడు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. బెండు గుబుక్కున మునిగింది.

"లాగవే నాగమణీ, లాగు!"

లాగిన లాగుకి వెల్లకిలా పడ్డాను. జానెడు పైచిలుకు కొర్రమీను గట్టు మీద ఎగిరెగిరి పడింది. తాత నవ్వు చూడాలి! "మీ నాయనమ్మ చేత పులుసు పెట్టిద్దాం. తల ముక్క నీదే" అన్నాడు.

సరిగ్గా అప్పుడే చిన్నరసాల చెట్ల మీద చిలకలు వాలాయి. మా తాతకి ఇక ఒళ్లు తెలియలేదు. లేచి నిలబడి "హోయ్! హోయ్!" అని తోట దద్దరిల్లేలా అరిచాడు. చిలకలు లేచాయి. తోటింట్లో పున్నారావుగారూ లేచారు. అరిచాక గానీ తనెక్కడున్నాడో తాతకి గుర్తురాలేదు. పారిపోదాం రమ్మని చెయ్యి పట్టి లాగాను. కదలడే!

"ఏంట్రా బుచ్చయ్యా, కాపలా కాసేవాడివి నువ్వే దొంగతనమా?"

"తప్పయిపోయింది బాబూ. చిన్నపిల్ల, ముచ్చటపడిందని..."

"ఆ చేప ఇటివ్వు."

నేను చేపని పావడాలో చుట్టి పొట్టకి హత్తుకున్నాను. "ఇవ్వను! నీ కాయల కోసమే అరిచాడు మా తాత! అరవకపోతే నువ్వు లేచేవాడివా?" అన్నాను. తాత నా నోరు నొక్కేశాడు. పావడాలోంచి చేపని లాగి, వంగి, రెండు చేతులా ఆయనకి అందించాడు. రెండు చేతులా! తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

దారంతా ఏడుస్తూనే ఉన్నాను. ఇంటి దగ్గర నాయనమ్మ చింతపండు నానబెట్టి కూర్చుంది.

"ఏదయ్యా చేప?"

"పడలేదు" అన్నాడు తాత, తల వంచుకుని.

పడలేదట! నేను వీధిలోకి ఉరికాను. "పడింది! నేనే పట్టాను! పున్నారావు లాక్కున్నాడు!" అని గొంతు చించుకున్నాను. ఇళ్లల్లోంచి అందరూ బయటికొచ్చారు. పూడిక తీసినవాళ్లే వాళ్లంతా. "నిజమేనా బుచ్చయ్యా?" అని పక్కింటి చిన్నయ్య అడిగాడు.

తాత నా వైపు చూశాడు. ఈసారి నా నోరు ముయ్యలేదు. "నిజమే. నా చేత్తో నేనే ఇచ్చాను" అన్నాడు.

పది రోజులకి పూడిక తియ్యడానికి రమ్మని కబురొచ్చింది. ఒక్కడూ కదలలేదు. కబురు తెచ్చినవాడితో "మేం రాం, పో" అని చెప్పింది మా తాతే. కానీ నా కొర్రమీను అప్పటికే ఆ మహానుభావుడి కడుపులోకి పోయింది.