ఆవిడ మొహానికి పూసిన రంగు

హాలు ముందు ఫ్లెక్సీ కట్టారు. పేరుకి అది నలుపు తెలుపు సినిమాల కాలం నాటి నటికి నివాళి సభ. ఫ్లెక్సీ నిండా మాత్రం సభ పెట్టినాయనా, ఆయన బావమరిదీ, చేతులు జోడించి పళ్లికిలించిన మరో పదిహేను మందీ. ఆవిడ బొమ్మ కింద మూలన పాస్‌పోర్టు ఫొటో అంత ఉంది. అయితే నేను ముందు వెతుక్కున్నది ఆవిడ బొమ్మని కాదు, నా పేరుని. సినిమాల గురించి అప్పుడప్పుడూ పత్రికలకి రాస్తుంటాను కాబట్టి నన్నూ మాట్లాడమని పిలిచారు. పేరుంది. తృప్తిపడ్డాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

పక్కన అమ్మ నా చెయ్యి పట్టుకుని నిలబడింది. ఎనభై దాటాయి. గ్లాకోమాతో కంటి నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదైనా ఎన్నాళ్లుంటుందో చెప్పలేమనీ డాక్టరు గారు అన్నారు. అది విని అమ్మ కోరింది ఒక్కటే.

"ఆవిడ అన్నం వడ్డించే సీను ఒక్కసారి పెద్ద తెర మీద చూడాలమ్మాయ్. టీవీలో కంటికి ఆనటం లేదు. నలుపూ తెలుపూ కాబట్టి నాకింకా తెలుస్తుందిలే. రంగులే ఒకదాన్లో ఒకటి కలిసిపోతున్నాయి."

రంగులు కలిసిపోతున్నాయనే అమ్మ కుట్టు మానేసింది. గుణదలలో మా ఇంటి వరండాలో మిషను పెట్టుకుని నలభై ఏళ్లు జాకెట్లు కుట్టిన మనిషి. నాన్న చర్చిలో సంఘపెద్ద, సినిమా అంటే పాపమనేవాడు. అందుకని అమ్మ హుక్కులూ దారాలూ అయిపోయాయని చెప్పి వన్‌టౌన్ వెళ్లి, మ్యాట్నీ చూసి, నిజంగానే హుక్కులు కొనుక్కుని వచ్చేది. అబద్ధమాడకూడదుగా మరి!

ఆ రోజు సభ చివర వేస్తామన్న ఈ సినిమాకైతే మూడుసార్లు వెళ్లిందట, ఆవిడ బుట్టచేతులకి ఎన్ని కుచ్చులున్నాయో లెక్కపెట్టుకోవడానికి. తర్వాత వీధిలో ఆడవాళ్లంతా గుడ్డ పట్టుకుని వచ్చేవాళ్లు.

"ఆ జాకెట్టు ఏం రంగై ఉంటుందంటావక్కా?"

"నువ్వు ఏ రంగనుకుంటే అదే."

అలా ఒకే జాకెట్టు ఒకరి ఒంటి మీద ఎరుపు, ఇంకొకరి ఒంటి మీద నీలం. ఎవరికి వాళ్లు తమదే అసలైనదనుకునేవాళ్లు.

ఆ వడ్డించే సీను నాకు అమ్మ చెప్పగా తెలిసింది. ప్రేమించినవాడు విస్తరి ముందు కూర్చుని, తెల్లారి ఊరొదిలి వెళ్లిపోతున్నానంటాడు. ఆవిడ ఏడవదు. చేతిలో గరిటె ఆగుతుంది. చుట్టూ చీకటి, మొహం ఒక్కటీ వెలుగులో ఉంటుంది. తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ వడ్డిస్తుంది. అంతే. అది చెబుతున్నప్పుడల్లా మిషను మీద అమ్మ కాలు కూడా ఆగిపోయేది.

ఇక సభ సంగతి. వేదిక మీద ఉన్నంత మంది కింద లేరు. అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరు? మాట్లాడినవాళ్లలో ఒక్కడైనా ఆవిడ నటన జోలికి పోలేదు. ఆవిడ ఎవర్ని ప్రేమించింది, ఎవరింటికి వెళ్లేది, ఏ వయసులో ఎలా ఉండేది, ఇదే గోల. మంచం కింద దాక్కుని విన్నట్టు చెప్పారు. మధ్యమధ్య "మహాతల్లి" అంటూ దణ్ణాలొకటి. ఒక పెద్దమనిషి ఆవిడ నడుము గురించి చెబుతూ పెదాలు తడుపుకున్నాడు. ఛీ, ఆ నోటికి నివాళి అనే మాట ఎందుకు?

గురివింద గింజ తన నలుపెరగదంటారు. నాకిచ్చింది రెండు నిమిషాలు. ఒకటి సభ పెట్టినాయన్ని పొగడటానికే సరిపోయింది. రెండోది శాలువా కప్పించుకుంటూ ఫొటోకి నవ్వడానికి. గరిటె సంగతి చెప్పనే లేదు.

దిగొచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. దీపాలార్పారు. సినిమా మొదలైంది, రంగుల్లో.

అంతకు వారం ముందు సభ పెట్టినాయన ఫోన్ చేశారు. "మేడమ్ గారూ, పాతది అలాగే వేద్దామా, రంగులేసింది వేద్దామా? రంగులదైతే జనం వస్తారండీ."

"రంగులదే వెయ్యండి," అన్నాను. ఆ వెంటనే అడిగిన ప్రశ్న కూడా గుర్తుంది. "ఫ్లెక్సీలో నా పేరుంటుందా అండీ?" అమ్మ కళ్ల సంగతి రోజూ వింటున్నదాన్నే. ఆ క్షణంలో గుర్తు రాలేదు.

ఆవిడ మొహానికి, గోడకి, చివరికి అన్నానికి కూడా ఒకటే పసుపుపచ్చ రంగు పూసి చంపారు. పెదాలకి కిళ్లీ నమిలినంత ఎరుపు. అమ్మ ఎవరి ఇష్టానికి వాళ్లకి వదిలేసిన ఆ జాకెట్టుకి చిలకాకుపచ్చ. చీకటిని కూడా ఉంచలేదు.

వడ్డించే సీను దగ్గరపడేసరికి అమ్మ ముందుకి వంగి కూర్చుంది.

"ఆవిడొచ్చిందా?"

"వచ్చిందమ్మా. వడ్డిస్తోంది."

"ఏదీ? అంతా పచ్చపచ్చగా అలికేసినట్టుంది."

అమ్మ కాసేపు వెతికింది. తర్వాత నా మోచెయ్యి పట్టుకుంది.

"పోనీ, గరిటె ఆగినప్పుడు చెప్పవే."

తెర మీద గరిటె ఆగింది.

"ఆగిందమ్మా," అన్నాను. నా నోట్లోంచి మాట వచ్చేసరికే ఆవిడ మళ్లీ వడ్డించడం మొదలుపెట్టింది.

అమ్మ తలూపింది. చూపు తెరకి పక్కగా, గోడ మీద ఎక్కడో నిలిపి,

"బాగా చేసింది కదూ," అంది.