పడావు పడ్డ రెండేండ్లు

నా రెజ్యూమెలో రెండేళ్ల ఖాళీ ఉండేది. రెండు వేల ఆరు వానాకాలం నుంచి రెండు వేల ఎనిమిది ఎండాకాలం దాకా. ఆ రెండేళ్లూ నాగర్‌కర్నూల్‌లో ఒక అద్దె గదిలో మా నాయినకు నీళ్లు పోశాను, అన్నం తినిపించాను, గోడ పట్టుకుని నడవడం నేర్పాను. పక్షవాతంతో ఆయన కుడి పక్క పడిపోయింది. అమ్మ అంతకుముందే పోయింది, అక్కను వనపర్తికి ఇచ్చాం. హైదరాబాద్‌లో ప్రోగ్రామర్ ఉద్యోగం వదిలేసి నేనే వచ్చాను. వచ్చేటప్పుడు మూడు నెలలనుకున్నాను.

దవాఖానకు పోయే దారిలో ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. దాన్ని నడిపే సాయిబు నాకంటే పదేళ్లు పెద్ద. “తమ్మీ, రెజ్యూమె సైట్ల పెట్టి వదిలేస్తే అడుగుకు పోతది. రోజూ జర ముట్టుకుంటుండాలె. ఏం లేకుంటే ఒక చుక్క తీసి మళ్ల పెట్టు, కొత్తదనుకొని పైకి తెస్తది” అని నేర్పింది ఆయనే. నాయిన పడుకున్న మధ్యాహ్నాల్లో పోయి చుక్క తీసేవాణ్ని, చుక్క పెట్టేవాణ్ని. కొత్తగా నేర్చింది ఉంటే చేర్చేవాణ్ని, ఎవరూ అడగని పాతవి తీసేసేవాణ్ని. ఆ ఖాళీని మాత్రం ఏం చేయాలో తెలిసేది కాదు.

ఫోన్లు వచ్చేవి. నాలుగు ప్రశ్నల దాకా బాగానే నడిచేది. ఐదోది అదే: ఇప్పుడేం చేస్తున్నారు? మా నాన్నను చూసుకుంటున్నానంటే అవతలి గొంతు మెత్తబడేది, మళ్లీ చేస్తామనేది. మళ్లీ చేసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ మెత్తని గొంతులంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంట.

నాయినకు తెలకపల్లి దగ్గర మూడెకరాల మెట్ట చెల్క ఉండేది. దేవుడికంటే పహాణీ మీద ఆయనకు నమ్మకం ఎక్కువ. ఏ భూమి ఎవరిది, ఆ ఏడు అందులో ఏం పండించారు అని సర్కారు ఏటా రాసే కాగితం అది. దున్నినా దున్నకున్నా ప్రతి ఏడూ మండలాఫీసుకు పోయి నకలు తెచ్చుకుని ప్లాస్టిక్ కవర్లో దాచుకునేవాడు. వానల్లేక బీడు పెట్టిన ఏడు అందులో ‘పడావు’ అని ఉండేది. గట్టు దగ్గర ఎవరితో తగాదా వచ్చినా ఆయన మాట ఒక్కటే, పాత కాయితం తియ్యి అని.

ఒకరోజు నేను ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగి కూర్చుంటే, వంకర పోయిన నోటితో అడిగాడు.

“ఏమంటున్నరు?”

“ఈ రెండేండ్లు ఏం జేసినవని అడుగుతున్నరు నాయినా.”

“పడావు అని రాయి.”

“అది భూమికి రాస్తరు. మనిషికి రాయరు.”

“పడావు పడ్డ చెల్కల జొన్న ఉన్నదని రాపిస్తే, చూసెటోడు వచ్చిననాడు యాడ చూపిస్తవ్?”

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

జొన్న ఉందనే రాయించాను. హైదరాబాద్‌లో ఒకాయన, లేని కంపెనీ పేరు మీద రెండేళ్ల అనుభవం రాసిచ్చాడు. ఆ రోజుల్లో నాకు తెలిసినవాళ్లెవరూ దాన్ని పెద్ద తప్పనుకోలేదు, నేనూ అనుకోలేదు. లేని ప్రాజెక్టును, లేని మేనేజర్‌ను బడిపాఠంలా కంఠతా పట్టాను. నెల తిరక్కుండా ఉద్యోగం వచ్చింది. నాయినను అక్క దగ్గర దించి బయల్దేరుతుంటే, నా కాయితం కూడా తన కవర్లో ఉండాలన్నాడు. ఒక నకలు ఇచ్చాను.

“ఏం రాసినవ్?”

“నువ్వు చెప్పిందే.”

ఆయనకు ఇంగ్లీషు రాదు. నా ధైర్యమల్లా అదే.

ఐదో నెలలో, మా పాత ఉద్యోగాలు నిజమో కాదో చూసి రమ్మని కంపెనీ ఒక మనిషిని పంపింది. నేను రాసిన అడ్రసులో అతనికి తాళం వేసిన గది కనిపించింది. హెచ్ఆర్‌లో ఉన్నామె నన్ను పిలిచి, ఆ రెండేళ్లు ఎక్కడున్నారని అడిగింది. చెప్పాను. దవాఖాన చిట్టీలు ఉన్నాయన్నాను. “అవి ముందే చూపించి ఉంటే ఉద్యోగం వచ్చేదని చెప్పలేను. ఇప్పుడు మాత్రం ఉంచుకోలేం” అంది. ఆమె గొంతు మెత్తబడలేదు, అందుకు ఆమెను తిట్టుకోలేదు. సాయంత్రానికి నా ఐడీ కార్డు తీసేసుకున్నారు.

వనపర్తిలో బస్సు దిగి అక్క ఇంటికి పోయేసరికి నాయిన వాకిట్లో కుర్చీలో ఉన్నాడు, ఒళ్లో కవరుతో. నేను ఉద్యోగానికి పోయిన రెండో నెలలో ఆయనకు మళ్లీ ఒకసారి పక్షవాతం వచ్చింది. మనుషులను గుర్తుపడుతున్నాడు గానీ జరిగినవన్నీ కలగాపులగం చేస్తున్నాడని అక్క ఫోన్లో చెప్పింది. కొత్త ఉద్యోగం, సెలవు అడగలేక రాలేదు.

“నీ కాయితం మీ బావతోని చదివించుకున్న” అన్నాడు. “ఆ రెండేండ్లు నువ్వు హైదరాబాద్‌లనే ఉంటివంట.”

సంచి కింద పెట్టి ఆయన ముందు కూర్చున్నాను.

“మరి నాకు నీళ్లు పోసినోడెవడు బిడ్డా?”

కోపం కాదు, ఎత్తిపొడుపూ కాదు. తెలియకే అడిగాడు. “నీ లెక్కనే ఉండె. ఎవరి పిలగాడో తెల్వదు.”

“నేనే నాయినా. కాయితంల అబద్ధం రాసిన.”

కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు పొద్దున్నే బస్టాండు దగ్గరి సెంటర్లో కూర్చుని రెజ్యూమె మార్చాను. లేని కంపెనీ తీసేసి, ఆ రెండేళ్లు ఉద్యోగం లేదు, జబ్బుపడ్డ తండ్రి దగ్గర ఉన్నాను అని ఒక్క వాక్యం రాశాను. రాయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. తెచ్చి తెలుగులో చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

“ఇది ఎప్పుడు రాపిస్తివి?”

“ఇయ్యాల్నే.”

రెండు కాగితాలూ ఒళ్లో పక్కపక్కన పెట్టుకున్నాడు. ఎడమచేత్తో కొత్తది నాకు తిరిగిచ్చి, పాతదాన్ని మడిచి పహాణీల మధ్య పెట్టాడు.

“పాత కాయితమే చెల్లుతది బిడ్డా.”

ఆ చలికాలంలో పోయాడు. అప్పటిదాకా రోజూ నేనే నీళ్లు పోశాను. వీపు రుద్దుతుంటే, నాగర్‌కర్నూల్‌ల ఒక పిలగాడుండె, వాని చెయ్యి మెత్తగుండె అని నాకే చెప్పేవాడు.