కిరాయి రాని కింది పోర్షన్

తారామణి హైదరాబాదుకు వచ్చిన ఇరవై రెండేళ్లలో ఏడు ఇళ్లు మారింది. ఏడూ నాచారంలోనే. ఓనర్ చుట్టాలు దిగుతున్నారని ఒకసారి, గోడకు మేకు కొట్టారని ఇంకోసారి ఖాళీ చేయించారు. మల్లాపూర్‌లో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్లో ఆమె ఉద్యోగం. భర్త నరేందర్ బడి బస్సు నడుపుతాడు.

జనగామ దగ్గర ఆమె వంతుకు వచ్చిన ఇరవై గుంటల పొలం అమ్మితే డబ్బు చేతికొచ్చింది. సొంతిల్లు కొనుక్కొని హాయిగా ఉండమన్నారు అందరూ. తారామణి ఆలోచన వేరు. తాము ఇప్పుడున్న రెండు గదుల్లోనే ఉండి, కొన్న ఇంటిని కిరాయికిస్తే, బ్యాంకు కిస్తీలో చాలా భాగం ఆ కిరాయే లాగుతుందని ఆమె లెక్క.

మొదట అన్నోజిగూడలో చౌకగా దొరికిన ఇంటికి యాభై వేలు బయానా ఇచ్చారు. పాత డాక్యుమెంట్లు లేవని బ్యాంకు వకీలు ఫైలు తిప్పి పంపాడు. అప్పూ రాలేదు, బయానా కూడా తిరిగి రాలేదు. ఆ తర్వాత చాలా రోజులు నరేందర్ ఇంటి మాటెత్తితే లేచి వెళ్లిపోయేవాడు.

రెండోది మల్లాపూర్ రోడ్డుకు దగ్గర్లో అరవై గజాల పాత ఇల్లు. కింద ఒక పోర్షన్, పైన ఒకటి. ఉప్పల్‌లో హార్డ్‌వేర్ దుకాణం నడిపే మహిపాల్ దాన్ని అమ్మకానికి పెట్టాడు. తారామణి మూడుసార్లు వెళ్లి చూసింది. నల్లా ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో కనుక్కుంది. బాత్రూం వెనక గోడ మీద అరచెయ్యి ఆనించి చెమ్మ ఉందేమో చూసింది. గల్లీలో వాన నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో పక్కింటివాళ్లను అడిగింది.

"రెండు పోర్షన్లల్ల మనుషులున్నరు. మొదటి నెల నుంచే మీకు కిరాయి వస్తది," అన్నాడు మహిపాల్.

కిరాయి ఒప్పందాలుంటే తెమ్మనీ, ఆ ఆదాయం కూడా అప్పు లెక్కలో కలుపుతామనీ బ్యాంకు ఆఫీసర్ చెప్పాడు. ఇద్దరి జీతాల మీదనే ఇరవై ఏడు లక్షలు మంజూరు కావడంతో ఆ కాగితాల సంగతి మళ్లీ ఎవరూ తలచుకోలేదు. నెలకు కిస్తీ ఇరవై నాలుగు వేలు పడింది.

రిజిస్ట్రేషన్ అయిన మరుసటి నెల అయిదో తారీఖున తారామణి కిరాయికి వెళ్లింది. పైన ఉన్నవాళ్లు మారుమాట లేకుండా ఎనిమిది వేలు ఇచ్చారు. కింద బుచ్చిబాబు ఉంటాడు. రాజోలు వైపు నుంచి వచ్చి, ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర టిఫిన్ బండి పెట్టుకున్నాడు.

"అన్నా, ఇల్లు మేం కొన్నం. ఇగ కిరాయి నాకియ్యాలె," అంది తారామణి.

అతను తెల్లబోయాడు. "అద్దేంటండీ? మేం లీజుకి కదండీ ఉంటున్నాం. మహిపాల్ గారికి ఒక్కసారే రెండు లక్షలు కట్టేశామండి. రెండేళ్లు అద్దె ఉండదు. వెళ్లేటప్పుడు ఆ డబ్బు మాకు తిరిగిచ్చేయాలండి. ఇంకా పద్నాలుగు నెలలుంది."

అతని భార్య త్రిపురసుందరి లోపలి నుంచి బాండ్ పేపర్ తెచ్చింది. మహిపాల్ సంతకం స్పష్టంగా ఉంది. తారామణి నిలబడే రెండుసార్లు చదివింది. నల్లాలు తిప్పి చూసింది, గోడలు తడిమి చూసింది, లోపల ఉంటున్న మనుషులను మాత్రం ఒక్క మాట అడగలేదు. ఇన్నేళ్లు కిరాయికున్న తాను ఓనర్ మాటే నమ్మింది. ఆ సంగతి ఆమెను మహిపాల్ చేసిన మోసం కంటే ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు ఆమె సెలవు పెట్టి, బుచ్చిబాబు దంపతులను వెంటపెట్టుకొని ఉప్పల్ దుకాణానికి వెళ్లింది. మహిపాల్ మొదట దబాయించాడు. ముగ్గురూ గొడవ చేయకుండా కౌంటర్ ముందు కూర్చున్నారు. ఎందుకు కూర్చున్నారని గిరాకీలు అడిగితే త్రిపురసుందరి ఓపిగ్గా మొదటి నుంచీ చెప్పింది. రెండో రోజు మధ్యాహ్నానికి మహిపాల్ ఎనభై వేలు తీసి తారామణి చేతిలో పెట్టాడు. మిగతాది దసరాకిస్తానన్నాడు.

ఇంటికి వచ్చాక ఆమె తాను అనుకున్నది నరేందర్‌కు చెప్పింది. రెండు లక్షలు తిరిగిచ్చే బాధ్యత తన పేరు మీదికి మార్చుకొని కొత్త కాగితం రాసిస్తుంది. బదులుగా బుచ్చిబాబు ఉన్నన్నాళ్లు నెలకు అయిదు వేలు కట్టాలి.

నరేందర్‌కు కోపం వచ్చింది. "వాడు తిన్న పైసలు మనమెందుకు గట్టాలె?"

"బుచ్చిబాబు ఖాళీ జెయ్యనంటే ఏం జేస్తవ్? కోర్టు సుట్టు తిరుగుదామా? అప్పటిదాంక కిస్తీ ఆగుతదా?" అంది తారామణి. "మన సంతకముంటే ఆయనకు ఫికర్ ఉండదు. గందుకే నెల నెల ఇస్తడు."

ఆమె వెళ్లి ఇదే చెబితే బుచ్చిబాబు ఒక రోజు గడువడిగి ఒప్పుకున్నాడు. తన డబ్బు గాలికి పోయిందనే అనుకుంటున్నవాడికి నెలకు అయిదు వేలు భారమనిపించలేదు.

ఆ పద్నాలుగు నెలలు తారామణి దొరికినప్పుడల్లా ఓవర్‌టైం చేసింది. నరేందర్ ఆదివారాలు పెళ్లి బస్సులు నడిపాడు. మధ్యలో పై పోర్షన్ రెండు నెలలు ఖాళీగా ఉంది. అప్పుడు ఆమె చెవి కమ్మలు కుదువ పెట్టింది. దసరా దాటింది. మహిపాల్ మాత్రం ఇంకేమీ ఇవ్వలేదు.

గడువు తీరిన రోజు ఆమె బోనస్, చిట్టీ డబ్బు, మహిపాల్ ఇచ్చినది కలిపి రెండు లక్షలు తీసుకెళ్లింది. బుచ్చిబాబు నోట్ల కట్టలు చూసి భార్య వైపు చూశాడు.

"మేం ఎక్కడికీ వెళ్లమండి. నెల అద్దెకే ఉంటాం," అంది త్రిపురసుందరి. "ఎంతంటారు?"

తొమ్మిది వేలు అడగాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన తారామణి ఆ మాటే చెప్పింది. త్రిపురసుందరి ఎనిమిదన్నరకు బేరమాడింది. తారామణి సరేనంది. ఈసారి పదకొండు నెలల కిరాయి ఒప్పందం పక్కాగా రాసుకున్నారు. అందులో మేకుల గురించి గానీ చుట్టాల గురించి గానీ ఏ షరతూ లేదు.

రెండు కిరాయిలూ కలిపినా ఆమె ప్రతి నెలా ఏడున్నర వేలు జీతంలోంచి వేసి కిస్తీ కడుతోంది. ఇంకా పద్దెనిమిదేళ్లకు పైగా కట్టాలి. ఈ మధ్య నాగారం వైపు ఒక ఇల్లు అమ్మకానికి ఉందని నరేందరే కబురు తెచ్చాడు.