బియ్యంలో దిద్దిన 'ఙ'

అన్న బతికి వచ్చాడన్న కబురు మా పెనుకొండ ఇంటికి మొదట తెచ్చినవాడు ధర్మవరం చిన్నాయన. మొన్న మా మనవరాలు, దుబాయి ఆసుపత్రిలో తనతోపాటు పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి మాటలు ఫోనులో వినిపించినప్పుడు, ఆ ముక్కుపలుకులు చెవిన పడగానే, చిన్నాయన భుజాన పట్టుచీరల మూటతో మళ్లీ గుమ్మంలో నిలబడినట్టే అనిపించింది నాకు.

బొంబాయిలో ఓడమీద వంటపనికి చేరిన అన్న, రెండో ప్రపంచయుద్ధం రాగానే ఆ ఫిలిప్పీన్స్ దీవుల్లోనే చిక్కుబడ్డాడని తప్ప మాకేమీ తెలియదు. యుద్ధం ముగిసినా జాడ లేక, కర్మ చేసెయ్యమని చుట్టాలు చెబుతున్నా అవ్వ ఒప్పుకోలేదు. హిందూపురంలో చీరలమ్మి వస్తున్న చిన్నాయనకు రైల్లో అన్న కనిపించాడట.

"వదినా, నీ కొడుకు బతికే ఉండాడు, స్టేషన్లో కూచోబెట్టొచ్చినా. అయితే నోరు తెరిచి మాట్లాడ్డంల్యా" అన్నాడు మా అమ్మతో.

వచ్చిన అన్న పెట్టింది తినేవాడు, పలకరిస్తే చూసేవాడు, అంతే. అమ్మ కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది. ఇక మాట రాదేమోనని నాయన దిగులు.

అప్పట్లో అవ్వే పళ్లెంలో బియ్యం పోసి నాకు అక్షరాలు దిద్దించేది. 'ఙ' దగ్గరికి వచ్చేసరికి నా వేలు తన ముక్కుమీద పెట్టుకుని, లోపల తుమ్మెద తిరిగినట్టు మోగేదాకా పలికేది. అన్నకూ అట్లాగే నేర్పిందట. ఒకనాడు నేను, దీంతో మొదలయ్యే మాటే లేనప్పుడు ఎందుకవ్వా అని మొరాయించాను.

"ఇది ఇంటల్లుడి మాదిరి మే. పని చేయదు, బంతిలో పీట మాత్రం వేయాల" అంది.

గోడవార కూర్చున్న అన్న భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. దగ్గరికి జరిగి, నా వేలు పట్టి తన ముక్కుమీద పెట్టుకుని "ఙితి" అన్నాడు. అది మోగడం నా వేలికి తెలిసింది.

"ఆడ నవ్వును ఇట్లంటారవ్వా. యుద్ధంలో సిపాయిల కంట పడకుండా నన్ను దాచిపెట్టి కూడుపెట్టిన తల్లి చెప్పింది. పరాయోళ్లకు ఈ మాటకు నోరు తిరగదంట, నీకెట్లొచ్చెనని అడిగింది. మా అవ్వ నేర్పిందని చెప్పినా."

పొయ్యి దగ్గరి నుంచి వచ్చిన అమ్మ కదిరి దిక్కుకు తిరిగి దండం పెట్టుకుంది. ఆ పూట మా ఇంట్లో అందరం కడుపునిండా తిన్నాం. స్వామి దయ.

ఇప్పుడు మా మునిమనవడి పుస్తకంలో ఆ అక్షరానికి పీట తీసేశారు. వాడు 'ఘ' నుంచి నేరుగా 'చ'లోకి దూకుతాడు. అవ్వా లేదు, అన్నా లేడు. ఆ తల్లి పేరడిగితే అన్న 'నానాయ్' అనేవాడు. వాళ్ల భాషలో అమ్మ అనట. అంతకుమించి నాకు తెలియదు. మీరు మీ మనవలకు అక్షరాలు దిద్దించేటప్పుడు ఆ ఒక్కదాని దగ్గర కాస్త ఆగి, మా అన్నను మాకోసం దాచి ఇచ్చిన ఆ నానాయ్‌ని తలచుకోండి.