గిన్నె నేను మోస్తానన్నాను

పోర్టులో క్రేన్ నడుపుతాను. పొద్దస్తమానం ఓడల కంటే ఎత్తులో, కేబిన్‌లో కూర్చుంటాను కదా, కొండలు నాకో లెక్కా అనుకున్నాను. ఆ ఎత్తుకి నన్ను చేర్చేది లిఫ్టు అన్న సంగతి గుర్తు రాలేదు.

మా షిఫ్టు వాళ్ళం కుటుంబాలతో ఏజెన్సీ అడవుల్లో ఒక కొండమీది బసకి వెళ్దామనుకున్నాం. నడిచి వచ్చేవాళ్ళ కోసం కట్టిన రేకుల ఇల్లది. జీపు కొండ కిందే ఆగిపోతుంది. బియ్యం, దుప్పట్లు, గిన్నెలు అన్నీ వీపున వేసుకుని ఎక్కాలి. ప్లాను వేసిన పెద్దమనిషిని నేనే. ఎవరేం మోయాలో, ఎవరెప్పుడు వండాలో చెప్పింది నేనే. అక్కడ వంటంతా మగాళ్ళదే అని కోతలు కోశాను. అందరికీ సరిపడే అన్నం గిన్నె నేను మోస్తానన్నాను.

వంట మాట వినగానే మా ఆవిడ మొహం వెలిగిపోయింది. జాలరిపేట పిల్ల, నా మేనమామ కూతురు. పెళ్ళయిన దగ్గర్నుంచి చుట్టాలిళ్ళకి తప్ప ఎక్కడికీ వెళ్ళింది లేదు. వెళ్ళిన చోటల్లా పొయ్యి దగ్గరే.

“నువ్వొండితే నాను తినడం! కొండెక్కైనా సూడాలి బావా,” అని నవ్వింది. మర్నాడే బూట్లు కొనుక్కుంది. అలవాటు కావాలని ఇంట్లో కూడా వేసుకుని తిరిగేది.

ఆదివారం సంచులు ఆవిడే సర్దింది. బరువుతో ఎక్కి చూద్దామని సింహాచలం మెట్లదారికి వెళ్ళాం. మేమిద్దరమే, అదొక్కటే అదృష్టం. సగం ఎక్కకముందే నా మోకాళ్ళు వణికాయి, ఊపిరి అందలేదు, మెట్టుమీద కూలబడ్డాను. కిందికి దిగుతున్న ముసలావిడ ఆగి, “మంచినీళ్ళు కావాలా బాబూ?” అంది. ఛీ, ఏం బతుకు! మా ఆవిడ మాత్రం “ఇలాగియ్ బావా,” అని గిన్నె ఉన్న నా సంచి కూడా భుజానికి తగిలించుకుని ముందు నడిచింది. వెనకాల చేతులూపుకుంటూ నేను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ప్లాను వేసినవాణ్ణే రాలేనని ఏ మొహం పెట్టుకుని చెప్పను? డ్యూటీ మారిందని అబద్ధమాడి ఎగ్గొట్టేద్దామనుకున్నాను.

సాయంత్రం స్నానం చేసి వచ్చేసరికి ఆవిడ నా ఫోన్‌లో మాట్లాడుతోంది. అవతల మా షిఫ్టులోని గోదావరి కుర్రాడు. బస బుక్ చేసే పని వాడిది. క్రేన్ పని నేర్పానని నన్ను గురువుగారంటాడు.

“మీ గురువుగారు రడీయే బాబూ. నా మోకాళ్ళే బాగోలేవు. నాను ఎక్కలేను. మా ఇద్దర్నీ తీసెయ్యండి.”

సిగ్గుతో చచ్చిపోయాను. నా పరువు కోసం నొప్పి తన మీద వేసుకుంది. ఫోన్ లాక్కున్నాను.

“ఒరేయ్, ఎక్కలేనిది నానురా! ఆవిడొత్తాది. ఆవిడ పేరు తీసేసావంటే ఊరుకోను.”

“అలాగేనండి గురువుగారూ,” అన్నాడు వాడు నవ్వాపుకుంటూ. రేపటికి పోర్టంతా తెలిసిపోతుంది. తెలియనీ.

ఆవిడకి కోపం వచ్చింది. “ఎందుకలా అందరికీ సెప్పుకోడం? నాను ఎలాగూ ఎల్లలేను.”

“ఏటి, ఎందుకెల్లలేవు?”

“ఎల్తే నీకు అన్నం ఎవులు ఒండుతారు?”

మెట్లమీద పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది! కొండమీద పదిమందికి వండిపెడతానన్న మొనగాణ్ణి. ఇంట్లో ఒక్కడికి వండుకుంటానంటే నమ్మే దిక్కు లేదు.

“నానే ఒండుకుంతాను,” అన్నాను, ఆవిడ కళ్ళలోకి చూడలేక.

ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి, బియ్యం డబ్బా ఎక్కడుంటుందో చూపించింది.